ఆరు గీతలు

కొళాయి కింద నాలుగో బిందె నిండింది. స్తుతి దాన్ని పక్కకు జరిపి ఐదోది పెట్టింది. కోడుమూరుకు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెకు నాలుగు రోజులకొకసారి నీళ్లొస్తాయి. వచ్చిన పొద్దున బిందెలు, గంగాళం, పాత రంగు డబ్బాలు, మూత విరిగిన టిఫిన్ క్యారియరు కూడా వాకిట్లోకి వచ్చి బడిపిల్లల్లా వరసకట్టాల్సిందే. గంట దాటితే కొళాయి దగ్గుతుంది. దగ్గిందంటే మళ్లీ నాలుగు రోజులు ఆగాలి.

"పాపా, ఆ సందులో ఉండే మగ్గులు గూడ తే. ఒక్క చుక్క వదలొద్దు," అని లోపలినుంచి జీవమ్మ కేకేసింది. పొయ్యి ముందు కూర్చుంటే ఆమె గొంతు దానంతటదే పెరుగుతుంది.

"తెస్తాండా లేమ్మా."

"తెస్తాండా తెస్తాండా అంటావు, ఆడనే నిలబడుకోని ఆలోచన చేస్తాంటావు. బస్సు పదకొండుకే గదా?"

పదకొండుకే. ఆ మాట స్తుతికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అరుగు మీద తెల్ల థర్మాకోలు పెట్టె ఉంది. అందులో నిన్న సాయంత్రం నాయన కర్నూలు రోడ్డు సోడాషాపు నుంచి సైకిలు మీద తెచ్చిన ఐసుగడ్డ, వరిపొట్టులో కప్పిపెట్టి ఉంది. తొమ్మిదిన్నర లోపల చేలో తనకని వదిలిన చిన్న మడిలో కొర్ర ఆకు కోసి, నల్లగుడ్డలో చుట్టి, ఆ పెట్టెలో పెట్టుకుని బస్సెక్కాలి. రాత్రికి కడప చేరాలి. రేపు ఆదివారం ల్యాబులో ఆకు నూరి గాజు గొట్టాల్లో నింపాలి. సోమవారం పదింటికి హైదరాబాదులో మిషను దగ్గర ఉండాలి. ఆ మిషను మీద ఆ పూట దొరకడానికి ఐదు నెలలు పట్టింది.

నాలుగేళ్లుగా స్తుతి కడపలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. ఆకు ఎండను పట్టి నీటిని చీలుస్తుందని పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. చీల్చే పని చేసేది ఆకులోపలి పచ్చటి పొరల్లో దాగిన ఒక చిన్న గుంపు: నాలుగు మాంగనీసు పరమాణువులు, వాటిని పట్టి ఉంచే మరికొన్ని. వేడి మితిమీరితే ఆ గుంపు విడిపోతుంది. పాలకూర అయితే తొందరగానే చేతులెత్తేస్తుంది. కానీ స్తుతి చిన్నప్పటినుంచి చూసింది, వాన మొహం చాటేసిన శ్రావణంలో తమ చేలో కొర్ర తల వాల్చుతుందే గాని చావదు. నాలుగు చినుకులు పడగానే ఏమీ జరగనట్టు లేచి నిలబడుతుంది. కొర్ర ఆకులో ఆ గుంపు ఎక్కువ వేడికి ఓర్చుకుంటుందేమోనని ఆమె అనుకుంది. అనుకున్నదాన్ని రుజువు చేయడానికి నాలుగేళ్లు పెట్టింది.

రుజువు ఇ.ఎస్.ఆర్. మిషనులో ఉంది. ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ అంటారు. పెద్ద అయస్కాంతం నడుమ వేలి మందం గాజు గొట్టం నిలబెడితే, జతలేని ఎలక్ట్రాన్లు ఏ తీరుగా ఉన్నాయో గీతలు గీసి చూపిస్తుంది. గుంపులో కలిసి ఉన్న మాంగనీసు ఆమె చేసే పరీక్షలో నోరు మెదపదు. గుంపు వదిలి నీటిలో ఒంటరిగా పడిన మాంగనీసు మాత్రం ఆరు గీతలు గీస్తుంది. దువ్వెన పళ్లలా వరసగా ఆరు. ఆకును వేడిచేశాక ఆరు గీతలొస్తే గుంపు చెదిరినట్టు, రాకపోతే నిలిచినట్టు. అంతే. ఇంత సులువుగా చెప్పొచ్చు కాబట్టే అమ్మకూ నాయనకూ కూడా చెప్పగలిగింది.

అయితే స్తుతి తెచ్చిన కొర్ర ఆకులో వేడి తగలకముందే ఆరు గీతలొచ్చాయి. ఒకసారి కాదు, రెండు పంటల్లో రెండుసార్లు. అవి కూడా సన్నగా కాదు, తాటిచెట్టంత.

గైడు వసంతకుమార్ సారు మంచివాడే. కానీ రెండోసారి ఆ కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బస్సులో ఐసు కరిగుంటుందమ్మా. ఆకు ఉడికిపోయి ఉంటుంది. కరగలేదని నువ్వంటావు, గీతలు కరిగిందంటున్నాయి. ఎవరిని నమ్మమంటావు?" అన్నాడు. మూడోసారి కూడా ఇదే వస్తే కొర్రను పక్కనపెట్టి పాలకూర మీద నాలుగు మాటలు రాసిమ్మని, అక్కడితో ముగిద్దామని చెప్పాడు.

ఐసు కరగలేదు. నంద్యాలలో బస్సు దిగి టీ కూడా తాగకుండా కొత్త ఐసు నింపుకుంది. అయినా ఎవరితోనూ వాదించలేదు. ఊరకే ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోయింది. గాజు గొట్టాలు యాసిడ్‌లో కడిగింది. కత్తి మార్చి కత్తెర పెట్టింది. బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్షించింది. చేని మన్ను పరీక్షించింది. ఐసు చేసిన నీళ్లు పరీక్షించింది. చివరికి తన చేతి గాజుల రంగు కూడా గీరి చూసింది. ఎక్కడా అంత మాంగనీసు లేదు. ఆకులో ఉంది. ఆకులోకి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తెలియలేదు.

స్తుతి సందులోకి పోయింది. స్నానాల గది గోడకు ఆనించి రెండు ప్లాస్టిక్ మగ్గులున్నాయి. ఒకటి ఎర్రది. రెండోది ఒకప్పుడు తెల్లది. దాని అడుగునుంచి రెండు వేళ్ల ఎత్తు వరకు పసుపురంగు చారలు గట్టుకట్టి ఉన్నాయి. కొళాయి కింద పెట్టి గోటితో గీకింది. పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. సన్నగా, మురిగిన గుడ్డులాంటి వాసన.

"అమ్మా, ఈ మగ్గులో ఏం కలిపినారు?"

"ఏ మగ్గు?"

"తెల్లది."

లోపల కట్టె తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. సంగటి అంతసేపు తిప్పాల్సిన అవసరం లేదు.

"పసుపేమో," అంది జీవమ్మ.

"పసుపుకు ఈ వాసన యాడిది?"

"నన్నేం అడుగుతావే? మీ నాయన సామాన్లు మీ నాయననే అడుగు."

స్తుతి బిందెను కొళాయి కింద అట్లానే వదిలి ఇంట్లోకి వచ్చింది. నాయన సామాన్లు ఉండే చోటు ఒకటే, వసారా చూరు. కొడవలి, టార్చిలైటు, చర్చి కోతపండుగ కరపత్రాల కట్ట. ముక్కాలిపీట ఎక్కి కరపత్రాల వెనక చెయ్యి పెట్టింది. మడిచి రబ్బరు బ్యాండు వేసిన ప్యాకెట్టు దొరికింది. సగం అయిపోయింది. అక్షరాలు చూడనక్కర్లేదు గాని చూసింది. మాంకోజెబ్, డెబ్బై ఐదు శాతం.

వేరుసెనగ ఆకుమచ్చకు, కొర్ర తుప్పుతెగులుకు ఊరంతా కొట్టే పొడి. ఆ పొడిలో ఏముంటుందో ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. స్తుతికి తెలుసు. మాంగనీసు.

పీట దిగడం మరిచిపోయి అట్లానే నిలబడింది. నాలుగేళ్లలో ఆమె పరీక్షించని వస్తువు ఈ ఇంట్లో ఒక్కటే మిగిలింది, అది తన తల మీది చూరులో ఉంది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చెవులు వేడెక్కాయి.

"బిందె పొంగుతాండాది!" అని బయట నాయన ఏసన్న అరిచాడు. చేని దగ్గరికి పోయి వచ్చినట్టున్నాడు, చెవిలో వేపపుల్ల ఉంది. "నీళ్లు వీధిలో పోతాంటే ఇద్దరాడోళ్లు ఇంట్లో ఏం చేస్తాండారప్పా!" గబగబా బిందె మార్చి, పంచె తడుపుకుని లోపలికి వచ్చాడు. వచ్చి కూతురి చేతిలో ప్యాకెట్టు చూశాడు.

ఏసన్నకు అరవై దగ్గరపడ్డాయి. చర్చి సంఘంలో పెద్ద. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చుంటాడు, ఎవరి పిల్లవాడు కునికినా వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపు ఇప్పుడు ఎటు పెట్టాలో తెలియక సంగటి గిన్నె మీద పెట్టాడు.

"నాయనా, ఇది నా మడికి కొట్టినావా?"

"నీ మడికంటే... అదేం నీ మడి, మొత్తం చేనుకు..."

"నా మడికి కొట్టినావా లేదా?"

"కొట్టినా. పోయిన రెండు పంటలకు గూడ కొట్టినా. ఏమిప్పుడు?"

"నేను ఎన్నిసార్లు చెప్పినా? ఏం కొట్టద్దు, ఏం చల్లద్దు అని చెప్పలేదా? నువ్వు 'సరేమ్మా, నీ మడి జోలికి పోను' అని చెప్పలేదా?"

"చెప్పినా. చెప్పినాంక ఆకు మీద మచ్చలొచ్చినాయి. తుప్పు మచ్చలు. చూస్తా ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే చెప్పినా!"

స్తుతి గొంతు ఆ ఇంట్లో అంత పైకి లేవడం ఎవరూ విని ఉండరు. జీవమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి, చేతిలో కట్టెతో గుమ్మంలో నిలబడింది. ఏసన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చెమటేమీ లేదు.

"ప్రతి పంటకూ ఏసినప్పుడే మొక్కుకున్యా," అన్నాడు తగ్గిన గొంతుతో. "నీ మడిలో మొదటి కంకులు కోతపండుగకు చర్చి బల్ల మీద పెడతానని. సంఘంలో నిలబడి చెప్పినా. నా బిడ్డ సదువు కోసరం ఏసిన చేను, ప్రథమఫలం దేవునిది అని. అందరూ విన్యారు. మచ్చలుండేటిది దేవునికి పెడతారా? మచ్చ లేనిదే పెట్టల్లని బైబిలు వాక్యంలో ఉండాది."

"అందుకని దొంగగా కొట్టినావా?"

"దొంగగా ఏముంది, తెల్లారకముందు కొట్టినా. ఎండలో కొడితే ఆకు మాడతాది. మూడు ట్యాంకులు, ఈ భుజం మీద. బోరు కాన్నుంచి నీళ్లు నేనే మోసినా." ఆ మాట చెబుతూ చెబుతూ ఆయన మొహంలోకి కొంచెం గర్వం కూడా వచ్చింది. "వానకు కొట్టుకపోకుండా జిగురు గూడ కలిపినా."

స్తుతి గోడకు ఆనుకుంది. తిట్టాలంటే జిగురు అడ్డమొచ్చింది. ఈ మనిషి కుడిభుజం సరిగ్గా లేవదు. దువ్వుకునేటప్పుడు చూస్తే తెలుస్తుంది. ఆ భుజానికి పదహారు లీటర్ల ట్యాంకు తగిలించుకుని, మూడుసార్లు, తన ఆకును తన కోసమే పాడుచేశాడు. ఎంత శ్రద్ధగా పాడుచేశాడంటే రెండుసార్లు కడిగినా పోనంత శ్రద్ధగా.

"జిగురు గూడనా," అంది.

"కడిగితే పోదా?"

"నువ్వే గదా పోకుండా కలిపినావు!"

"ఏందమ్మా అంతమాత్రానికి! ఆరు గీతలంట, ఆరు గీతలు. మూడేండ్లుగా ఆరు గీతలు ఇంటాండా. నా అరిచేతిలో ఎన్ని గీతలుండాయో ఎవరన్నా లెక్కపెట్టినారా?"

"ఏమయ్యా, నోరు మూసుకో," అంది జీవమ్మ గుమ్మంలోంచి. "నీ అరిచేయి చూసి దానికి డాక్టరేటు ఇస్తారా?"

"నువ్వు మధ్యలో రావద్దు మ్మే."

"వస్తా. మధ్యలోనే వస్తా. మగ్గులో కలిపేటప్పుడు చూసినా, పాపకు చెప్పి కొట్టయ్యా అంటే, 'ఆడోళ్లకు సేద్యం ఏం తెలుసు' అన్యాడు. మొక్కు సంగతి దేవునికి నీకు మధ్యలో పెట్టుకోక ఊరందరికీ చాటింపు ఏసినావు. ఇంగ మచ్చొస్తే పరువు పోతాదని భయం. దేవుని కోసరం కాదులే అది."

అరుగు మీద పెట్టె కిందనుంచి నీళ్లచుక్క ఒకటి జారి, నిండుగా మెట్టు మీద పడింది. ఆ వెనకే ఇంకొకటి. ముగ్గురూ దానివైపు చూశారు.

ఏడున్నర అయింది. స్తుతి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తన మడి పోయింది. నాయన రెండెకరాలూ పోయాయి. ఊళ్లో ఈ యేడు కొర్ర వేసినవాళ్లు తక్కువ. వేసిన ప్రతివాడూ ఈ పొడి కొట్టేవాడే. అదే విత్తనం, అదే వయసు ఆకు, మందు తగలనిది కావాలి. రెండు గంటల్లో.

"కొట్టని చేను ఒకటుండాది," అంది జీవమ్మ.

ఎవరిదో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. నెహెమ్యా. జీవమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, స్తుతికి మేనమామ. చర్చి వెనకాల ఎకరన్నర చేను. మందు కొట్టడు, కొట్టడానికి ఒళ్లు వంగదని ఏసన్న అంటాడు, భూమికి కూడా కాస్త ఊపిరి ఉండాలని నెహెమ్యా అంటాడు. ఏది నిజమైనా అతని చేలో కొర్ర ప్రతియేడూ చిరుతపులిలా మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

మూడేళ్ల కిందట కోతపండుగ రోజు బల్ల సర్దే పని ఏసన్నది. అందరూ తెచ్చిన కంకుల కట్టలు, కాయలు, కోడిగుడ్లు వరసపెట్టాడు. నెహెమ్యా తెచ్చిన మచ్చల కొర్ర కట్టను చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, పెద్ద గుమ్మడికాయ వెనక పెట్టాడు. అంతే చేశాడు. ఒక్క మాట అనలేదు. సంఘమంతా చూసింది. నెహెమ్యా ఆ రోజు పాట సగంలో బయటికి పోయాడు. అప్పటినుంచి చర్చిలో కుడిపక్క చివర కిటికీ దగ్గర కూర్చుంటాడు, అక్క ఇంటి గడప తొక్కలేదు. జీవమ్మ ప్రతి ఆదివారం ఆ కిటికీ వైపు చూడకుండా ఉండటానికి తెగ ప్రయత్నం చేస్తుంది.

"వాని చేలో ఏ విత్తనమో ఏమో," అన్నాడు ఏసన్న. "మన విత్తనం కాదు గదా. పాపకు పనికి రాదు."

"మన విత్తనమే," అంది జీవమ్మ.

"ఎట్ల?"

"నేను పంపించినా. మన గాదెలోదే. మనం ఏసిన వారానికే ఏసినాడు. పోయినేడు గూడ పంపించినా."

ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన పనులు ఒక్క పొద్దునే ఇన్ని బయటపడతాయని స్తుతి అనుకోలేదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె ఫోను తీసింది.

"ఎవరికి?"

"మామకు."

స్పీకరు పెట్టింది. అటువైపు కోళ్ల గోల, తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఎవురూ?"

"మామా, నేను స్తుతిని."

అటువైపు కోళ్లను అదిలించిన చప్పుడు. "ఏం తల్లీ, బాగుండావా? సదువెంతవరకు వచ్చింది? అక్క బాగుండాదా?"

స్తుతి ఉన్నదున్నట్టు చెప్పింది. పొడి సంగతి, గీతల సంగతి, సోమవారం సంగతి. నాయన కొట్టాడని చెప్పేటప్పుడు ఏసన్న వైపు చూడలేదు. అటునుంచి నెహెమ్యా నవ్వాడు. గట్టిగా కాదు, ముక్కులోంచి.

"అంటే మచ్చల కొర్రే కావాల్సొచ్చిందన్నమాట."

"అవును మామా."

"నీ మీద నాకేం లేదు తల్లీ. చేనంతా కోసుకోపో, నా కండ్లతో చూసి సంతోషపడతా. గానీ నువ్వు రావద్దు. అక్క గూడ వద్దు. మీ నాయన రావల్ల."

"మామా, టయిము లేదు..."

"ఎంతసేపు? చర్చి దావలో వస్తే పది నిమిషాలు. నన్ను ఏం అడగద్దు. తప్పయిందని అనద్దు. మాట్లాడకున్యా నాకు ఫర్వాలేదు, మూడేండ్లుగా మాట్లాడకుండానే బతికినాం. నా చేలో నిలబడి, వంగి, ఆ మచ్చల ఆకు ఆయన చేత్తో కోసుకోని పోవల్ల. అంతే. నేను గట్టు మీద కూచ్చొని చూస్తా." కాస్త ఆగి, "గుమ్మడికాయ తెచ్చుకోవద్దని చెప్పు," అని ఫోను పెట్టేశాడు.

"ఇన్యారా?" అని ఏసన్న లేచాడు. "ఇన్యారా వాని మాట? వంగల్లంట! నేను వాని చేలో! నా పెండ్లప్పుడు వానికి చెడ్డీ కట్టుకోను రాదు. ముక్కు చీమిడి నేను తుడిచినా. మీ తమ్మునికి చెప్పు మ్మే, సంఘంలో పెద్దను నేను."

"చెప్పను."

"నలుగురు చూస్తారు."

"ఆ పొద్దు గూడ నలుగురు చూసినారు," అంది జీవమ్మ. కట్టె ఇంకా చేతిలోనే ఉంది, దాని చివరి సంగటి ఆరిపోయి తెల్లబడింది. "మచ్చ ఉండేటిది బల్ల మీద పెట్టద్దని వాక్యంలో ఉండాది, సరే. తమ్ముని కంకి గుమ్మడికాయ ఎనక దాయమని యాడుండాదో సూపీ. పుస్తకం తెచ్చిస్తా."

"నువ్వు ఆపు."

"మూడేండ్లు ఆపినా. నా పుట్టినింట్లో మిగిలింది వాడొక్కడు. వాని బిడ్డకు జొరమొస్తే ఆస్పత్రికి పోయినా, ఎవరికీ తెలీకుండా, సంతకు పోతాండానని చెప్పి. విత్తనాలు కొంగులో కట్టుకపోయినా. దొంగతనం చేసినట్టు."

"అదీ దొంగతనమే. ఇంటాయనకు చెప్పకుండా..."

"నువ్వు ప్యాకెట్టు దాచినట్టే!"

బయట కొళాయి దగ్గింది. ఒకసారి, రెండోసారి. స్తుతి పరిగెత్తింది. సగం నిండిన గంగాళంలోకి చివరి నీళ్లు ఎర్రగా, బుడగలతో ఉమ్మి, కొళాయి మూగబోయింది. వరసలో ఇంకా నాలుగు గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. నాలుగు రోజులు. స్తుతికి ఆ గిన్నెలను చూస్తే ఒక్కసారి ఏదో తెగినట్టయింది. తెల్లమగ్గును కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ పోయి కాలువ దగ్గర ఆగింది. వెంటనే సిగ్గేసింది. పోయి తీసుకువచ్చి, బోర్లించి పెట్టింది. ఆమె కోపానికి ఎప్పుడూ అంతే ఆయుష్షు.

ఏసన్న అరుగు మీద, పెట్టె పక్కన కూర్చున్నాడు. చుక్కలు వరసగా పడుతున్నాయి. వరిపొట్టు ఒకటి రెండు గింజలు కూడా నీళ్లతో జారి వచ్చాయి.

స్తుతి మెట్టు మీద కూర్చుంది. నాయన మొహం వైపు కాకుండా, ఆ నీళ్ల గీత వైపు చూస్తూ మాట్లాడింది.

"మొదటిసారి ఆ గీతలొచ్చినప్పుడు సార్ ఏమన్లేదు నాయనా. రెండోసారి అబద్ధం చెప్పినోళ్లను చూసినట్టు చూసినాడు. ఐసు కరిగింది, నువ్వు ఒప్పుకోలేదు అన్యాడు. నేను గమ్మునుండిపోయినా. గొట్టాల తప్పేమో అనుకున్యా. నీళ్ల తప్పేమో, మన్ను తప్పేమో, నా చేతుల తప్పేమో అనుకున్యా. రెండేండ్లు నా చేతులు కడుక్కున్నట్టు ఎవరూ కడుక్కోనుండరు. నీ చేతులు మాత్రం అనుకోలేదు. ఆకు మా నాయన చేనిది, దాంట్లో తప్పుండదు అని సార్‌కు చెప్పినా."

ఏసన్న వేపపుల్లను చెవిలోంచి తీసి, చూసి, మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

"ఈసారి గూడ అవే గీతలొస్తే కొర్ర వదిలేయమన్యాడు. వదిలేస్తే ఏం కాదు. పాలకూర మీద రాసిస్తా, పట్టా ఇస్తారు. గానీ కొర్ర ఎండకు నిలబడతాదని నేను చూసినా గదా. చిన్నప్పటినుంచి, ఈ చేలోనే. నేను చూసింది అబద్ధమయిపోతాది." ఆగింది. చెప్పాల్సింది ఇంకా ఉందనిపించింది గాని అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడిన అలవాటు లేదు. "మచ్చలుండే ఆకే కావల్ల నాయనా నాకు. మచ్చల పక్కన పచ్చగా ఉండేది చాలు."

ఎనిమిది కావస్తోంది. వీధిలో పాలవాడి బండి పోయింది. జీవమ్మ గిన్నె మీద మూత వేసి, అన్నం పెట్టాలా వద్దా తేల్చుకోలేక రెండు పళ్లేలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టింది. స్తుతి వరసలోని ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టి లోపలికి మోసింది. సర్ది, చెయ్యి తుడుచుకుని, సార్‌కు ఫోను చేసి రావడం లేదని చెప్పేద్దామా అనుకుంది. పేరు వెతికింది. నొక్కలేదు.

వసారాలో మేకుకు తగిలించిన చొక్కా కదిలిన చప్పుడయింది.

ఏసన్న ఆదివారం తొడుక్కునే తెల్లచొక్కా తొడుక్కుంటున్నాడు. కుడిచెయ్యి చొక్కాలోకి దూర్చడానికి ఎప్పటిలాగే కాసేపు తంటాలు పడ్డాడు. జీవమ్మ సాయం చేయబోయి ఆగింది. గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు, చొక్కా ఒకవైపు వేలాడింది. చూరులోంచి కొడవలి తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ చూరులో పెట్టి, స్తుతి సంచిలోంచి కత్తెర తీసుకున్నాడు. దండెం మీద ఆరేసిన ఆమె నల్లచున్నీ లాగి, నాలుగు మడతలు వేశాడు. ఎన్ని మడతలు వేయాలో ఆమె ఎన్నడూ ఆయనకు చెప్పలేదు. పెట్టె మూత తీసి, ఒక మూల వంచి, కరిగిన నీళ్లను జాగ్రత్తగా పక్కనున్న చెంబులోకి ఒంపాడు, ఒక్క చుక్క కూడా వదలకుండా. పొట్టు సర్దాడు. మూత పెట్టాడు. పెట్టెను ఎడమచంక కింద ఇరికించుకున్నాడు.

"ఏమయ్యా..." అంటూ జీవమ్మ ముందుకు వచ్చింది. స్తుతి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

ఏసన్న గడప దగ్గర వంగి చెప్పులు తొడుక్కున్నాడు. వీధిలోకి దిగాక ఎడమకు తిరిగితే తన చేను, కుడికి తిరిగితే చర్చి. కూతురి వైపు గాని, భార్య వైపు గాని చూడలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ కుడికి తిరిగి పోయాడు.